సాంచెలు ఆగిన ఆదివారం

చాయ్ గ్లాసు నోటిదాకా వచ్చిందో లేదో, వాకిట్లో సానచక్రం కీచుమంది.

లక్ష్మీరాజం గ్లాసు కింద పెట్టి మంచం మీద అటు నుంచి ఇటు దొర్లాడు. ఆదివారం, పైగా అమావాస్య. సిరిసిల్ల అంతటా సాంచెలు బంద్. ముప్పై ఏళ్లుగా ఆ మరమగ్గాల మోతలో బతికిన మనిషికి నెలకోసారి దొరికే నిశ్శబ్దం అది. పక్కింటి పోపు చిటపటలు కూడా వినిపించే పూట.

కాళ్లు చాపుకుని, దూలాలు లెక్కపెడుతూ పడుకోవాలని నెలంతా అనుకుంటాడు. తీరా పడుకుంటే ఒకటే ఆలోచన, బాలకిషన్. కొడుకు కాలేజీ వదిలి అడవిలో నక్సలైట్ అన్నల్లో కలిసి రెండేళ్లు. అప్పటి నుంచి ఇంటి మీద పోలీసుల కన్ను. నిన్న సాయంత్రం కబురొచ్చింది. పిల్లాడికి కామెర్లు, కోరుట్లలో చిన్నమ్మ రాజవ్వ ఇంట్లో పడి ఉన్నాడట.

"ఇయ్యాలనే పోదమయ్యా," అంది పెళ్లాం సత్యవ్వ వంటింట్లోంచి.

మెల్లగానే అన్నాననుకుంది పాపం. సాంచెల మధ్య బతికేవాళ్లకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. మొగుడూ పెళ్లాల గుసగుస కూడా గల్లీ దాటుతుంది. రోజూ ఆ మోత అన్నింటినీ మింగేస్తుంది కనుక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

లక్ష్మీరాజం జవాబు చెప్పబోయాడు. కీచు.

నోరు మూశాడు. చక్రం ఆగింది.

మళ్లీ నోరు తెరిచాడు. మళ్లీ కీచు.

ఒళ్లు మండి బయటకు వచ్చాడు. ఎవడో కొత్తవాడు, సైకిల్ స్టాండు వేసి సాన తొక్కుతున్నాడు. చుట్టూ ఒక్క బేరం లేదు. చేతిలో ఒకే కత్తి, అది అరిగి అరిగి సగమైంది.

"ఏందయ్యా గీ లొల్లి? నిన్నెవలు పిలిచిండ్రు?"

అతను తల ఎత్తలేదు.

"మెల్లగ మాట్లాడు పెద్దయ్యా. ఇయ్యాల సాంచెలు నడుస్తలేవు."

లక్ష్మీరాజం అతన్ని ఎగాదిగా చూశాడు. అంటే వీడు వింటున్నాడు. బేరం లేని సాన, అదీ తన గడప ముందే. ఇన్ఫార్మరు కాక మరెవడు?

"పోతవా, గల్లీనంత పిలువాల్నా?" అంటూ హ్యాండిల్ పట్టి ఈడ్చాడు.

అతను ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ వైపు ఒకసారి చూశాడు. అక్కడ ఇద్దరు పేపర్ చదువుకుంటున్నారు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. సైకిల్ నడిపించుకుంటూ మలుపు తిరిగిపోయాడు.

పీడ విరగడైందనుకున్నాడు లక్ష్మీరాజం. ప్రాణం తేలికపడింది, దానితోపాటు గొంతూ పెరిగింది.

"పది గంటల కోరుట్ల బస్సుకు పోదం. బాలకిషన్ మీ చెల్లె రాజవ్వ ఇంట్ల ఏం తింటుండో ఏమో. నేల ఉసిరి మూట కట్టు."

హోటల్లో ఇద్దరూ పేపర్లు మడిచి లేచారు.

బస్సు కోరుట్ల చేరేసరికి రాజవ్వ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. జీపొచ్చి పిల్లాడిని ఎత్తుకుపోయి గంటయిందని చెప్పి ఆమె గుండెలు బాదుకుంది.

సాయంత్రం మొగుడూ పెళ్లాలు తిరిగొచ్చి సిరిసిల్ల ఠాణా మెట్ల మీద కూర్చున్నారు. కొడుకును కోర్టుకు తీసుకెళ్లేదాకా కదలకూడదు. కన్ను మూసి తెరిచేలోగా మనుషులు మాయమయ్యే రోజులవి. ఆ సానవాడు కనబడితే పీక పిసికేద్దామన్నంత కసిగా ఉంది లక్ష్మీరాజానికి.

లోపల ఎస్సై గొంతు ఖంగుమంది.

"వాళ్ల మాటలు వినమని వేషం వేసి పంపితే, హోటల్లో మనవాళ్లకు ఒక్క ముక్క వినబడకుండా సాన తిప్పుతావా?"

లక్ష్మీరాజం తలుపు సందులోంచి చూశాడు. ఎస్సై ముందు తల వంచుకుని, బెల్టు విప్పి బల్ల మీద పెడుతున్న కానిస్టేబులు, పొద్దున తను వాకిట్లోంచి తరిమేసిన ఆ సానవాడే.