ఒక్క మెతుకు మిగలని రోజు

వదిలేసిన అన్నం కుళ్లితే భూమి వేడెక్కుతుందని సహస్ర టీచర్ తాండూరు బడిపిల్లలకు వారమంతా చెప్పింది. ఈరోజు భోజనాలయ్యాక ఎంగిలి బకెట్లో ఒక్క మెతుకు లేదు. పిల్లలు గంతులేస్తున్నారు.

"టీచర్, భూమి సల్లబడ్డదా?" అని సంజన అడిగింది.

ఆ చప్పుడుకు వంట చేసే సావిత్రమ్మ ఉరికొచ్చి బకెట్లోకి చూసింది.

"గీ బకెట్లది యాడ పారబోసిండ్రు?"

"మేమే తిన్నం పెద్దమ్మా."

"అంతానా?" ఆమె అక్కడే కూలబడి నవ్వింది. "రోజు బకెట్ నిండుతుంటె నా వంట మీకు నచ్చుతలేదనుకున్న. రేపటి సంది రానని పెద్దసారుకు ఇప్పుడే చెప్పొచ్చిన."

"నీ పప్పు మస్తుంటది. ముచ్చట్లల్ల పడి మేమే ఇడిసిపెడుతుంటిమి," అంది సంజన.

వండినామె బాధ సహస్రకు ఏ పాఠంలోనూ తట్టలేదు.

సావిత్రమ్మ కొంగు బిగించి పెద్దసారు గదికి పరుగెత్తింది. ఆమె వెంట పిల్లలు, వాళ్ల వెంట చెప్పులైనా వేసుకోకుండా సహస్ర టీచర్.