అప్పు లేని మనిషి

గేటుకి టులెట్ బోర్డు వేలాడుతోంది. దాని కింద ఇంటాయన తన చేత్తోనే ఎర్ర రంగుతో రాసుకున్నాడు: 'అప్పులున్నవాళ్ళు బెల్లు కొట్టవద్దు.' కళ్ళజోళ్ళ షాపాయన అది చదివి కూడా బెల్లు కొట్టాడు.

"ఇల్లొకసారి చూసి వెళదామని వచ్చానండీ."

ఇంటాయన అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు. అప్పులు చేసేవాళ్ళు ఒకటి, తాను ఒకటి.

"క్రెడిట్ రిపోర్టు తెచ్చావా?"

తన అప్పుల చిట్టా అంతా ఉన్న ఆ కాగితం సంచిలోనే ఉందన్నాడు షాపాయన. అసలు తాను వచ్చిన పనేమిటంటే అని మొదలుపెట్టబోయాడు. బోర్డు పెట్టినవాడికి వచ్చినవాడి పని తెలియదా అని ఇంటాయన అతని నోరు మూయించి, తాళంచెవుల గుత్తి ఆడిస్తూ ముందు నడిచాడు.

ఇప్పుడుంటున్న వాటా నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి షాపాయన. భార్య, ఇద్దరు పిల్లలు ఈ ఇంటిమీదే ఆశ పెట్టుకుని కూర్చున్నారు. అందుకే మాట పడ్డాడు. కుళాయిలు తిప్పి చూశాడు. వెనకగదిలో చెమ్మ ఎన్నాళ్ళనుంచి ఉందని అడిగాడు. కింది వాటా కూడా చూడొచ్చా అన్నాడు.

"అద్దెకిచ్చేది పై వాటా. అయినా చూడు, పాపం. ఇలాంటి ఇల్లు నీ జన్మలో మళ్ళీ చూస్తావో లేదో."

హాల్లోకి వచ్చాక తాను కూర్చున్నాడు, అతన్ని నిలబెట్టాడు. ఇక మొదలైంది పురాణం. అప్పు చేసేవాడికి వెన్నెముక ఉండదట. వాయిదాల మీద ఫ్రిజ్ కొన్నవాడు మంచినీళ్ళు తాగడానికి కూడా అర్హుడు కాదట.

"మరి మీ రిపోర్టు ఎప్పుడైనా చూసుకున్నారా అండీ?" అడిగాడు షాపాయన.

తన అనుభవమూ చెప్పుకొచ్చాడు. ఎవడో ఎగ్గొట్టిన బాకీ ఒకప్పుడు తన పేరు మీదికి ఎక్కిందట. అప్పట్నుంచీ ఏటా చూసుకుంటున్నాడట. గుర్తింపు నంబరు, ఫోను ఉంటే చాలు, ఏడాదికోసారి ఉచితంగానే వస్తుంది. మనది మనం చూసుకుంటే అందులో మనకిచ్చే మార్కులేం తగ్గవు. తప్పుంటే రాసి దిద్దించుకోవచ్చు. ఇతరులకి మనం హామీ ఉన్న అప్పులు కూడా అందులో కనిపిస్తాయి.

ఇంటాయన పగలబడి నవ్వాడు.

"జ్వరం లేనివాడు థర్మామీటరు పెట్టుకుంటాడా? నేను జీవితంలో పైసా అప్పు తీసుకోలేదు. మా బావమరిది షాపు అప్పుకి మాత్రం ఇంటి కాగితాలిచ్చి హామీ సంతకం పెట్టా. అదీ మా ఆవిడ పోరు పడలేక. సంతకమేగా, నా సొమ్మేం పోయింది? ఆ బ్యాంకు వాళ్ళేమో కవర్ల మీద కవర్లు పంపుతారు, లోను తీసుకోమని దేబిరిస్తూ. చించనైనా చించను. తిన్నగా చెత్తబుట్టే."

షాపాయన ఏదో అనబోయాడు. ఇంటాయన చెయ్యి చాచి రిపోర్టు లాక్కున్నాడు.

వాయిదాలన్నీ గడువులోపే కట్టి ఉన్నాయి. ఎంత వెతికినా వంక దొరకలేదు. ఆ పెద్దమనిషికి అంతకంటే అవమానం మరోటి లేదు. మళ్ళీ మొదటినుంచీ చదివాడు. ఈసారి ఆయన మొహం చాటంతయింది.

"దొరికావు! పోయిన నెల్లోనే ఇంటి లోను. ఇంత పెద్దది! నెత్తిన అప్పు పెట్టుకుని, ఇల్లు కొనుక్కుని, మళ్ళీ నా గుమ్మంలోకి అద్దెకొచ్చావా? సిగ్గుండక్కర్లా? ఎక్కడయ్యా ఆ కొంప?"

షాపాయన నొచ్చుకుంటూనే చెప్పాడు.

"ఇదేనండీ, మీ బావమరిది బాకీ కింద బ్యాంకు వేలం వేస్తే నేనే పాడుకున్నాను."