మూత మీద కుర్చీ

"లేవండమ్మా, మీకు పుణ్యముంటుంది," అన్నాడు నీళ్ళు వదిలే వాల్వాయన, ఇనప రాడ్డు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.

లాయరమ్మ కదిలితేగా! వీధి మొదట్లో వాల్వు గుంత, దాని మీద ఇనప మూత, మూత మీద ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఆవిడ. కోర్టు గుమ్మం ఎక్కిన మనిషేం కాదు. ఆ నోటికి వీధివాళ్ళు పెట్టుకున్న పేరది.

ఆ వాల్వు ఇటు తిప్పితే వీధికి నీళ్ళు, అటు తిప్పితే అవతలి శరణార్థుల శిబిరానికి. పొద్దున ఓ గంట వీధికి, ఆ తర్వాత గంట వాళ్ళకి. వీధి గంట అయిపోయింది. బిందెలు సగం కూడా నిండలేదు.

"పన్నులు కట్టేది మేమూ, గొంతులెండేదీ మావేనా?"

"పైవాళ్ళు చెప్పినట్టు తిప్పేవాణ్ణి, నన్నంటే ఏం లాభం? వాళ్ళూ మనుషులే కదమ్మా."

"కాదన్నానా? వచ్చిన కొత్తలో దుప్పట్లు మోసుకెళ్ళి ఇచ్చింది నేను కాదూ! జాలిపడ్డాం, చోటిచ్చాం. ఇప్పుడు మా కుళాయిలు ఎండబెట్టుకోమంటే ఎలాగయ్యా? కోడలికి నెలలు నిండాయి. ఇందాకే మావాడు పరీక్షకని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. రేపు పసిగుడ్డుకి స్నానం దేంతో పొయ్యమంటావ్, నీ కబుర్లతోనా?"

వీధంతా పకపకా నవ్వింది. వాల్వాయన మాత్రం నవ్వలేక పక్కనే గొంతుక్కూర్చున్నాడు. వీధి కుళాయిలు కారుతూనే ఉన్నాయి. ఒక్కో బిందే నిండింది.

అంతలో శిబిరం వైపునుంచి ఒకామె ఖాళీ బకెట్ పట్టుకుని రొప్పుతూ వచ్చింది. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి.

"అమ్మా, మా కుళాయి ఇంకా రాలేదు. ఒక్క బకెట్ ఇవ్వండి. అక్కడ ఒకామెకి నొప్పులు..." అంది వచ్చీరాని మాటల్లో.

లాయరమ్మ మనసు చివుక్కుమంది. ఆవిడా కన్నతల్లే. దగ్గరున్న బిందె వైపు చెయ్యి చాచబోయింది కూడా. వీధంతా తననే చూస్తోంది. ఇవాళ ఒక్క బకెట్ ఇస్తే రేపట్నుంచి బారులు తీరరూ? చాచబోయిన చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

"మీ పురుళ్ళ సంగతి పైవాళ్ళనడగండి. ఇక్కడ చుక్క లేదు."

ఆమె నిండిన బిందెల వంక చూసింది. ఖాళీ బకెట్‌తో వచ్చిన దారినే పరుగెత్తింది. వాల్వాయన తల దించుకున్నాడు.

లాయరమ్మకి అదోలా అనిపించింది. కుర్చీలో ఇటూ అటూ సర్దుకుంటుంటే ఫోను మోగింది. కొడుకు.

"అమ్మా, కంగారుపడకు. నీ కోడలికి దారిలోనే నొప్పులు ముదిరిపోయాయి. ఆసుపత్రి దాకా ఆగేలా లేక దారిలో ఉన్న శిబిరంలోనే దించాం. ఇక్కడి మంత్రసాని చెయ్యి తిరిగిన మనిషేనట, భయం లేదు. ఇప్పుడే నీళ్ళకోసం మన వీధికే వచ్చింది."