ఆరని రంగు

"బస్టాండులో ముసుగేసుకుని బొమ్మలా నిలబడ్డం కూడా ఒక కళేనా? తిన్నది అరక్క చేసే వేషాలు!" అన్నాడు మా ఆయన, ఎడంచేత్తో కాఫీ తాగుతూ.

మా చెల్లి అప్పుడే వచ్చింది. తెల్లగౌను వెనకంతా నీలిరంగు పూసుకుని, 'రంగు ఆరలేదు, ముట్టుకోవద్దు' అన్న అట్ట మెడలో వేసుకుని, పొద్దంతా జనంలో నిలబడింది.

"ఈ అట్ట బల్లకి తగిలిస్తే ఒక్కడూ కూర్చోడు బావా. నాకు తగిలిస్తే చూడు!" అంటూ వెనక్కి తిరిగింది. నడుము కిందంతా వేళ్ల గుర్తులే.

"ఛీ, అలగా వెధవలు! మర్యాదస్తుడెవడూ ఆ పక్కకే రాడు" అన్నాడాయన.

"ఆ రంగు వాళ్ల చేతులకి అంటుకోదటే?" మూతి విరుస్తూనే అడిగాను.

"అంటుకుంటుందక్కా. సబ్బుకి లొంగదు, కిరసనాయిలుతో రుద్దాల్సిందే."

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ జేబులోనే ఉన్న ఆయన కుడిచెయ్యి ఇంకాస్త లోపలికి పోయింది.

నేను వంటింట్లోంచి కిరసనాయిలు సీసా తెచ్చి, కాఫీ కప్పు పక్కన పెట్టాను.

"కడుక్కోండి. ముసుగులో ఉన్నది మన పిల్లేనని మీకేం తెలుసు, పాపం!"