మీగడ దొంగ

"పిల్లి తాగిందేమో," అంది అత్త గంగుబాయి.

"తాగి మళ్ల మూత పెట్టి పోయిందా?" మామ భోజన్న ఖాళీ మీగడ గిన్నె ఎత్తి చూపించాడు. "కోడలొచ్చిన కాడికెల్లే పోతున్నది, గదే సమజ్ గాదు."

కొత్త కోడలు ప్రమీల గబుక్కున గిన్నె అందుకుంది. కాలేజీ చదివిన పిల్ల చాటుగా మీగడ తింటుందన్న పేరు పుట్టింటిదాకా పోదూ?

గిన్నె అంచున పసుపుపచ్చటి వేలిముద్రలున్నాయి. ప్రమీల వేళ్లకింకా పెళ్లి మైదాకు ఎరుపే. తను కాదని తేలినట్టే. మరెవరు? చేలో పసుపు ఉడకబెట్టే రోజులాయె, కూలీల నుంచి మామ దాకా అందరి చేతులూ పచ్చనే.

ఒక్కొక్కరినే అనుమానంగా చూస్తూ అత్త దగ్గర ఆగింది. ఆమె చెవి వెనక మీగడ జిడ్డుతో, శనగపిండి కలిపిన పసుపు ముద్ద పెచ్చు కట్టి ఉంది.

మొన్న పెళ్లిలో ప్రమీల వాళ్ల మేనత్త గంగుబాయిని చూసి, "పెళ్లికొడుకు నాయనమ్మా?" అని అడిగింది. అంతా నవ్వారు. ప్రమీల కూడా నవ్వింది.

"నేనే తిన్న మామా," అంది ప్రమీల.

భోజన్న పకపకా నవ్వాడు. "అడిగి తిను బిడ్డా. రేపటి సంది గిన్నెడు నీదే."

 అతను వెళ్లాక గంగుబాయి మెల్లగా మొహం కిటికీ వెలుతురుకు తిప్పింది.

"సదువుకున్నదానివి, సూసి నిజం చెప్పు. ముడతలు తగ్గినయా?"

ప్రమీల దగ్గరికి జరిగి చూసింది.

"మెడ మరిచిండ్రు అత్తమ్మా. రేపు నేను రాస్త."