పైఆఫీసు పెద్దాయన

"ఏమన్నాడు సార్ పెద్దాయన?"

పీలికల పిన్ని గుమ్మంలోంచే అడిగింది. మునిసిపల్ కమిషనర్ చేతిలో ఉన్న కాగితమేదో చదువుతున్నట్టు తల వంచుకున్నాడు.

"కూర్చోమ్మా" అన్నాడు.

కబురు మంచిది కాదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. పని అయినవాళ్ళని ఆ ఆఫీసులో ఎవరూ కూర్చోబెట్టరు. అయినా కూర్చుంది.

పిన్ని ఒకప్పుడు కుట్టుపని చేసేది. దర్జీ కొట్లలో ఊడ్చి పారేసే గుడ్డపీలికలు పోగేసి, మూలపడ్డ వాషింగ్ మెషీన్‌ను విప్పి, ఓ యంత్రం తయారుచేసింది. ఇటు పీలికలు వేస్తే అటు మెత్తటి దళసరి అట్టలు వస్తాయి. గాజు సామాను పగలకుండా పెట్టెల్లో వేసుకోవడానికి కంపెనీలవాళ్ళు ఎగబడి కొంటున్నారు. మొదట్లో పగలబడి నవ్విన వీధే ఇప్పుడు ఆమె దగ్గర పనిచేస్తోంది. పిచ్చిది అన్న నోళ్ళే పిన్నీ పిన్నీ అంటున్నాయి.

చిక్కల్లా చోటు దగ్గరే. యంత్రం తిరిగిందంటే వీధి దీపాలన్నీ మినుకుమినుకుమంటాయి. విసిగిపోయిన ఇంటివాడు నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. చేస్తే ఇక యంత్రాన్ని పాత ఇనుముకు తూచెయ్యడమే, పనిచేసే ఆడవాళ్ళంతా ఎవరి కొంపకు వాళ్ళు పోవడమే.

కొత్తగా ఏదైనా కనిపెట్టినవాళ్ళకు కరెంటుతో సహా షెడ్డు ఇచ్చే పథకం ఒకటుంది. ఊరు సిఫారసు చేయాలి. పైఆఫీసు మంజూరు చేయాలి. ఆ ప్రాంతంలోని ఊళ్ళన్నిటికీ కలిపి ఏడాదికి ఒకే ఒక్క షెడ్డు.

కమిషనర్ సిఫారసు మనసు పెట్టి రాశాడు. అందులో వంక పెట్టడానికి లేదు. వారం వారం మంగళ, గురువారాల్లో పైఆఫీసుకు వెళ్తూనే ఉన్నాడు. బస్టాండులో ఆయన్ని చూసినవాళ్ళు, "పాపం, మన ఊరి కోసం చెప్పులరిగేలా తిరుగుతున్నాడు" అనుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయన తేలు కుట్టిన దొంగలా ఊరుకునేవాడు.

"పొరుగూరికి ఇచ్చేశారమ్మా" అన్నాడు చివరికి. "అక్కడ మిల్లు మూతపడి ఊరు ఊరంతా రోడ్డున పడింది. ఆ పనివాళ్ళే కొందరు కలిసి సైకిలుకు తగిలించే మోటారు ఒకటి చేశారు. పైనుంచి చూస్తే వాళ్ళకే ఇవ్వాలనిపిస్తుంది."

"పైనుంచి చూస్తే మేం చీమల్లాగే కనిపిస్తాం సార్. ఒక్కసారి కిందికి దిగి చూడమనండి! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మీరు ఇవ్వమన్నాక మధ్యలో ఆయనెవరు కాదనడానికి? అసలు ఆయనకు అక్కచెల్లెళ్ళున్నారా?"

"ఉన్నారమ్మా."

"ఉండీ ఇలా చేశాడా? ఆ సంతకం పెట్టిన చెయ్యి పడిపోను!"

కమిషనర్ మంచినీళ్ళ గ్లాసు కోసం చేయి చాపబోయి మానుకున్నాడు.

పిన్ని చటుక్కున కళ్ళు తుడుచుకుంది. "తప్పు సార్, నోరు జారాను. మీ ముందు అనాల్సిన మాట కాదు. మీరు మాత్రం ఏం చేస్తారు? మీలాంటి మనిషి ఉండబట్టే మా గోడు అక్కడిదాకా వెళ్ళింది."

తిట్టినప్పుడే నయంగా ఉంది ఆయనకు. ఈ పొగడ్త మాత్రం కక్కలేకపోయాడు, మింగలేకపోయాడు. మొదటిరోజే చెప్పేసి ఉండాల్సింది. చెబితే ఊరంతా నెత్తినెక్కి కూర్చుంటుందని భయపడ్డాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ ఇంతదాకా తెచ్చుకున్నాడు. ఇప్పుడు చెబితే ఈమె మొహం ఎలా చూడటం? ఛీ, ఏం బతుకు అనిపించింది.

"రేపు నేనే వెళ్తాను సార్" అంది పిన్ని లేస్తూ.

"ఎక్కడికి?"

"పైఆఫీసుకు. ఆయన కాళ్ళ మీద పడతాను."

కమిషనర్ తనూ లేచాడు. "ఎందుకమ్మా లేనిపోని శ్రమ! సంతకం అయిపోయాక ఇంక మార్చరు."

"మార్చకపోతే మానె. నా మొహం చూసి కాదనమనండి, చాలు. మా ఆడవాళ్ళకు అదైనా చెప్పుకుంటాను. మీరూ రండి సార్. మీరుంటే నాకు కొండంత ధైర్యం."

"అక్కడే ఉంటాలేమ్మా" అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టేద్దామనుకున్నాడు. కానీ షెడ్డు వచ్చిన పొరుగూరివాళ్ళు పైఆఫీసుకు వస్తున్నారు. వెళ్ళక తప్పదు. మొదటి బస్సే ఎక్కి, ఆమె కంటపడకుండా వెనక మెట్ల మీదుగా పైకి చేరాడు.

కాసేపటికి వరండాలో పిన్ని గొంతు వినిపించింది.

"మావాళ్ళొకరు వస్తానన్నారు బాబూ. ఆయన వచ్చాక వెళ్తాను."

"అదేం కుదరదమ్మా" అన్నాడు అటెండరు. "పెద్దాయన ఇప్పుడే ఖాళీగా ఉన్నారు. వెళ్తే వెళ్ళు, లేకపోతే గురువారం రా."

కమిషనర్‌కు ప్రతి మాటా వినబడుతూనే ఉంది. లేచి వెళ్ళి ఆమె పక్కన నిలబడాలనుకున్నాడు. కానీ కూర్చున్నచోటే ఉండిపోయాడు.

తలుపు కిర్రుమంది.

తల వంచుకుని, చేతులు జోడించుకుని లోపలికొచ్చిన పిన్ని మెల్లగా కళ్ళెత్తి చూసింది, రెండు నెలలుగా పెద్దాయన కుర్చీలో ఇన్‌చార్జిగా కూర్చుంటున్న కమిషనర్‌ని.