తడిపంచె

మేక పోయినప్పుడూ, పొలం గట్టు జరిగినప్పుడూ కాణిపాకం పోయి ప్రమాణం చేసినవాళ్లు చిత్తూరు చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. బట్టలారబెట్టే మిషను మీద ప్రమాణం అడిగిన మొదటి మనిషి మాత్రం నాగరత్నమ్మే.

ఊరికే అడగలేదు. అడిగే ముందు నెల రోజులు ఓపిక పట్టింది.

ఆమె కూతురు ఐశ్వర్యకు కవలలు పుట్టారు. పుట్టిన వారానికే వానలు పట్టుకున్నాయి. రోజుకు నలభై గుడ్డలు. దండెం మీద, కిటికీ ఊచల మీద, మంచం కోళ్ల మీద, ఆఖరికి గోడనున్న మామగారి ఫోటో మీద కూడా గుడ్డలే. ఒక్కటీ ఆరదు. చెమ్మ గుడ్డలు కట్టీ కట్టీ పిల్లల తొడలు ఒరుసుకుపోయాయి.

అప్పుడే బజారు వీధిలో తిరుమలయ్య షాపులో ఆ మిషను కనబడింది. ఊళ్లో వాషింగ్ మిషన్లే రెండు ఉన్న రోజులవి. ఇది పెద్ద కంపెనీది కాదు, మద్రాసులో ఎవరో కూర్చింది. అందుకే ధర అందుబాటులో ఉంది.

"ఫ్రిజ్జు లోపల చల్లగా, వెనక వేడిగా ఉంటాది కదా చెల్లెమ్మా. ఆ వెనక వేడినే దీంట్లో లోపలికి తిప్పినారు. కరెంటు సగం కూడా కాలదు. గుడ్డల్లో నీళ్లన్నీ కింద ట్రేలో పడతాయి," అన్నాడు తిరుమలయ్య.

నాగరత్నమ్మ పాలమ్మి దాచుకున్నదంతా పెట్టి కొనేసింది.

బిగించడానికి షాపు మెకానిక్ మురుగేష్ వచ్చాడు. ఇంట్లో పెద్ద ప్లగ్గు ఒక్కటే ఉంది, అదీ గ్రైండరుది. గ్రైండరు వసారాలోకి పోయింది. మిషను వంటింట్లో కూర్చుంది. నాగరత్నమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. వీధివీధంతా గాజు తలుపు ముందు చాపలేసుకుని, గుడ్డలు తిరుగుతుంటే కన్నార్పకుండా చూసింది.

రెండు గంటలకు తలుపు తీశారు. గుడ్డలు వేడిగా ఉన్నాయి. తడిగానూ ఉన్నాయి.

"అప్పుడే దించిన ఇడ్లీల మాదిరి ఉండాయే," అంది పక్కింటి పంకజాక్షి.

ట్రేలో చుక్క నీళ్లు లేవు.

మురుగేష్ నాలుగుసార్లు వచ్చాడు. మొదటిసారి వోల్టేజీ చాల్లేదన్నాడు. రెండోసారి గుడ్డలు ఎక్కువయ్యాయన్నాడు. మూడోసారి ఒకే ఒక్క గుడ్డ వేసి చూపిస్తే తక్కువైందన్నాడు. నాలుగోసారి మిషను మొహం తూర్పుకు తిప్పి పెట్టి, కాఫీ తాగి వెళ్లాడు.

షాపుకు పోతే తిరుమలయ్య నవ్వేవాడు.

"మిషన్లో తప్పు లేదు చెల్లెమ్మా. పదిమందికి అమ్మినాను, ఎవరూ అడగలా. ఆరినాయి అనుకొని తీసి సూడు, ఆరినట్టే ఉంటాయి."

ఆ మాటతో నాగరత్నమ్మ ఓపిక తీరిపోయింది. షాపు నిండా జనం ఉండగా అంది:

"సరే అన్నా. కాణిపాకానికి రా. తడిబట్టలతో స్వామి ముందర నిలబడి, ఈ మిషను బట్టలారబెడతాదని చెప్పు. చెప్తే మళ్లీ నీ షాపు మెట్టెక్కను, నోరెత్తను. చెప్పలేకపోతే నీ మిషను నువ్వు ఎత్తుకపో, నా డబ్బు నాకియ్యి."

జనమంతా అటు తిరిగారు. కాదంటే పరువు పోతుంది.

"దానికేమి, గురువారం వస్తా," అన్నాడు తిరుమలయ్య. నవ్వు మాత్రం సగంలో ఆగింది.

కోనేట్లో మునిగి, ఆ తడిబట్టలతో స్వామి ముందు అబద్ధమాడినవాడు బాగుపడడని ఆ వైపు పసిపిల్లలకూ తెలుసు. రాడులే అనుకుంది నాగరత్నమ్మ.

గురువారం వాన తెరిపిచ్చింది. ఆమె మొదటి బస్సుకే పోయి గుడి ముందు నిలబడింది. కాసేపటికి వ్యాను వచ్చి ఆగింది. మురుగేష్ దిగాడు. వెనకే తిరుమలయ్య దిగాడు.

పంచె కాళ్లకు అతుక్కుపోయి ఉంది. కోనేటి వైపు తిరగనైనా తిరగలేదు. చిత్తూరు నుంచే తడిబట్టలతో వచ్చాడు.

టెంకాయలమ్మే ఆయన లేచి దారిచ్చాడు. "కోనేటి దాకా కూడా ఆగలేదు సూడప్పా. అంత దూరం తడితోనే వచ్చినాడంటే, మనిషిలో ఎంత సత్యముండాలో."

నాగరత్నమ్మ కూడా పక్కకు జరిగి దారిచ్చింది.

తిరుమలయ్య నేరుగా గుళ్లోకి నడిచాడు. చూపు నేల మీంచి ఎత్తలేదు. స్వామి ముందుకు వచ్చేసరికి వణుకుతున్నాడు. అంత భక్తి ఆ మనిషిలో ఆమె ఏనాడూ చూడలేదు. అతను చెయ్యి ముందుకు చాపాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు.

ఆ క్షణంలో నాగరత్నమ్మకు నానా ఆలోచనలూ వచ్చాయి. నిజంగానే వోల్టేజేమో. తూర్పుకు కాదు, ఉత్తరానికి తిప్పాలేమో. నిజం చెప్పే మనిషిని దేవుని ముందు నిలబెట్టిన పాపం, ఇంట్లో పసిబిడ్డలకు తగిలితే?

"వద్దులే అన్నా, చెప్పొద్దు," అంది. "నేను నమ్మినాను. మిషను నాకాడే ఉండనీ."

తిరుమలయ్య నోరు మూసుకున్నాడు. నేల మీద పడి సాష్టాంగం చేశాడు. చాలాసేపు లేవలేదు. లేచేసరికి బండల మీద ఆయన ఆకారం తడిగా దిగి ఉంది.

బయటికొచ్చాక నాగరత్నమ్మ మనసు ఊరుకోలేదు. వ్యాను దగ్గరున్న మురుగేష్‌ను పిలిచింది.

"పాపం, ఈ చలిలో తెల్లారకముందే మునిగినట్టుండాడే. మీ అయ్యకు జొరమొస్తే ఎట్లబ్బా?"

మురుగేష్ వ్యాను సీటు మీది తడి తుడుస్తూ అన్నాడు:

"మునిగిందెక్కడక్కా, దేవుని ముందర చెప్పే మాట కదా ఒకసారి సూసుకుందామని ఉతికిన పంచెను షాపులో కొత్త మిషన్లో ఏసి మూడు గంటలు తిప్పినాడు, టైమైపోతే అదే తీసి కట్టుకొని వచ్చేసినాడు."